నాన్నగారికి మతిమరుపు ఎక్కువైంది, డాక్టర్ దగ్గరకు రానంటున్నారు. ఎలా ఒప్పించాలి?

మధురవాడ గిరిజ:

అందరికీ నమస్తే. ఇక్కడ చదవడమే తప్ప రాయడం ఇదే మొదలు.

మా నాన్నగారికి డెబ్బై రెండు. షిప్‌యార్డు డ్రాయింగ్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. అమ్మా ఆయనా శ్రీహరిపురంలో సొంతింట్లో ఉంటారు. నేను మధురవాడలో. ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. పేరుకి ఒకటే ఊరు గానీ ఆ చివర వాళ్ళు, ఈ చివర నేను. తమ్ముడు అమెరికాలో.

ఏడాదిగా తేడా కనబడుతోంది. అడిగిందే అడుగుతారు. కరెంటు బిల్లు కట్టేసి, మర్నాడు మళ్ళీ కట్టడానికి బయల్దేరతారు. ఆ మధ్య మల్కాపురం మార్కెట్‌కి స్కూటర్ మీద వెళ్ళి ఆటోలో ఇంటికొచ్చారు. స్కూటర్ ఎవరో ఎత్తుకుపోయారని ఒకటే గొడవ. తీరా చూస్తే కూరల కొట్టు ముందే ఉంది. కళ్ళజోడు కనబడకపోతే పనమ్మాయి తీసిందన్నారు, ఆ అమ్మాయి ఏడ్చి మానేసింది. ఎవర్నీ పల్లెత్తు మాట అనని మనిషి!

అమ్మేమో అన్నీ కప్పేస్తుంది. ఆయన్ని ఎవరేం అడిగినా ఆయనకంటే ముందు తనే జవాబు చెబుతుంది. ఆయన మాత్రల్ని రోజుకో పొట్లం కట్టి, పొట్లం మీద సోమ, మంగళ అని రాసి, తినే ముందు చేతిలో పెడుతుంది. బయటివాళ్ళకి ఇంకేం తెలుస్తుంది?

డాక్టర్‌కి చూపిద్దాం నాన్నగారూ అంటే, "నాకేమైందే? నన్ను చినవాల్తేరులో పడేద్దామనుకుంటున్నావా?" అన్నారు. అక్కడ మానసిక వైద్యశాల ఉంది కదా, మన వైజాగ్ వాళ్ళకి ఆ మాటకి అర్థం చెప్పక్కర్లేదు. అప్పట్నుంచి నేను వెళ్తే చాలు, పేపర్ అడ్డం పెట్టుకుంటున్నారు. తమ్ముడేమో "నాతో ఫోన్‌లో బాగానే మాట్లాడుతున్నారే, నువ్వే ఊరికే టెన్షన్ పడుతున్నావు" అంటాడు.

ఎవరైనా ఇలాంటి మనిషిని ఒప్పించి తీసుకెళ్ళారా? ఎలా?

సీతంపేట శాస్త్రి:

అమ్మా, అరవైలో అరుళ్ళు మరుళ్ళు అని పెద్దలు ఊరికే అన్నారా? వయసొస్తే మతిమరుపు సహజం. సారస్వతారిష్టం పట్టించండి, పొద్దున పూట నాలుగు బాదంపప్పులు పెట్టండి. హాస్పిటల్‌కి తీసుకెళ్తే లేని రోగం అంటగడతారు. మా నాన్నగారూ చివర్లో ఇంతే, ఎవరికీ చూపించలేదు. హాయిగానే వెళ్ళిపోయారు.

రాత్రి డ్యూటీ:

శాస్త్రిగారూ, మీ మీద గౌరవంతోనే చెబుతున్నా. ఇరవై ఏళ్ళుగా వార్డుల్లో నర్సుగా చేస్తున్నాను. అరవై దాటినవాళ్ళలో డిమెన్షియా (జ్ఞాపకం, ఆలోచన క్రమంగా క్షీణించే జబ్బు) ఉన్నది 7.4 శాతం మందికని 2023లో వెలువడిన దేశవ్యాప్త అధ్యయనం అంచనా. అంటే తొంభై మందికి పైగా లేదనే కదా. అందుకని వయసు మీదకి తోసేసి ఊరుకోలేం. తాళంచెవి ఎక్కడ పెట్టామో మర్చిపోవడం వయసు. తాళంచెవి చేతిలో ఉన్నా అది దేనికో తోచకపోవడం, వచ్చిన దారి మర్చిపోవడం, డబ్బు లెక్క తప్పడం, నమ్మకస్తుల మీద దొంగతనం మోపడం వేరే సంగతి.

గిరిజగారూ, ఒప్పించే సంగతికి ముందు నాకు కొన్ని చెప్పండి. షుగర్ ఉందా? ఉంటే ఏ మాత్ర, ఎన్నాళ్ళుగా? నిద్రమాత్రలు, జలుబు మాత్రలు, మూత్రం ఆపుకోలేకపోవడానికి మాత్రలు ఏమైనా వాడుతున్నారా? చెవులు బాగా వినబడుతున్నాయా? ఈమధ్య ఎక్కడైనా పడ్డారా, తలకి దెబ్బ తగిలిందా? ఇదంతా మెల్లగా వచ్చిందా, ఉన్నట్టుండి వచ్చిందా?

చివరి ప్రశ్న ముఖ్యం. మొన్నటిదాకా బాగున్న మనిషి రెండు మూడు రోజుల్లో తికమకపడి, పగలు మత్తుగా ఉండి, రాత్రి లేనివాళ్ళతో మాట్లాడుతుంటే ఒప్పించడాలూ బతిమాలడాలూ అనవసరం, ఆ రోజే హాస్పిటల్‌కి తీసుకెళ్ళాలి. మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒంట్లో సోడియం తగ్గడం, షుగర్ పడిపోవడం ఇవన్నీ పెద్దవాళ్ళలో అలాగే బయటపడతాయి. మూతి ఒంకర పోయినా, మాట ముద్దగా వచ్చినా 108కి ఫోన్ చెయ్యడమే.

మధురవాడ గిరిజ:

థాంక్స్ మేడం. మెల్లగానే వచ్చింది. పడలేదు. షుగర్ పదిహేనేళ్ళుగా ఉంది, మెట్‌ఫార్మిన్ వాడతారు. జలుబు చేసినా దురద వచ్చినా మందుల షాపులో అడిగి ఒక మాత్ర తెచ్చుకుంటారు, అది వేసుకుంటే నిద్ర కూడా బాగా పడుతుందని ఈమధ్య రోజూ వేసుకుంటున్నారని అమ్మ చెప్పింది. టీవీ సౌండ్ వీధి మొగదాకా వినిపిస్తుంది. అరికాళ్ళు మంటలంటారు, తిమ్మిర్లంటారు. ఆ ఒక్కటి మాత్రం రోజూ చెబుతారు.

రాత్రి డ్యూటీ:

చూశారా, మీ దారి మీరే చెప్పేశారు. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే కొందరిలో బి12 తగ్గుతుంది. బి12 తగ్గితే కాళ్ళు మంటలు, తిమ్మిర్లు, మతిమరుపు కూడా. దురదకీ జలుబుకీ వాడే పాత రకం మత్తు మాత్రలు పెద్దవాళ్ళ జ్ఞాపకశక్తిని దెబ్బతీస్తాయి. చెవుడు ఉంటే అసలు మాట లోపలికే వెళ్ళదు, ఇక గుర్తేం ఉంటుంది? థైరాయిడ్ తగ్గినా, లోపల్లోపల దిగులు పట్టుకున్నా చూడ్డానికి ఇలాగే ఉంటుంది. వీటిలో చాలావాటికి వైద్యం ఉంది. ఇవేవీ కాదని తేలాకే అల్జీమర్స్ మాట, అంటే డిమెన్షియాలో ఎక్కువగా కనబడే రకం.

కాబట్టి "మతిమరుపుకి డాక్టర్" అనకండి. అరికాళ్ళ మంటలకి నరాల డాక్టర్‌కి చూపించాలి. అది అబద్ధం కూడా కాదు.

అక్కయ్యపాలెం అల్లుడు:

ఆ "అబద్ధం కాదు" అన్నచోట గీత గీసుకోండి గిరిజగారూ. మా అత్తగారి కథ చెబుతాను.

మా బావమరిది ఘనుడు. సింహాచలం దర్శనానికి వెళ్దాం అమ్మా అని కారెక్కించాడు. ఆవిడ పట్టుచీర కట్టుకుని, కొబ్బరికాయలు, పూలు, హారతి కర్పూరం అన్నీ సర్దుకుని కూర్చుంది. ఇతను కారు తీసుకెళ్ళి ఒక హాస్పిటల్ ముందు ఆపాడు. ఆవిడకి నిన్న తిన్నది గుర్తుండకపోవచ్చు గానీ బోర్డు చదవడం వచ్చు. మానసిక వైద్య విభాగం అని అంత అక్షరాలతో రాసి ఉంది. సంచీ ఒళ్ళో పెట్టుకుని కారు దిగలేదు. ఎండలో గంట సేపు. చివరికి ఇంటికే తీసుకొచ్చారు. తమాషా ఏమిటంటే జరిగిన సంగతి ఆవిడ మర్చిపోయింది, కొడుకు మీద అనుమానం మాత్రం మిగిలిపోయింది. చందనోత్సవానికి నిజంగానే తీసుకెళ్తానన్నా అతని కారెక్కలేదు.

ఆ తర్వాత ఆవిడ బీపీ డాక్టర్‌గారే దారికి తెచ్చారు. ముప్పై ఏళ్ళుగా ఆవిడ నాడి పట్టుకున్న మనిషి. "అమ్మా, బీపీ ఇన్నేళ్ళు ఉన్నాక ఒకసారి తలకి స్కాన్ తీయించడం మంచిది, నేను రాసిస్తున్నా" అన్నారు. మారు మాట్లాడకుండా వెళ్ళింది. కొడుకు చెబితే కుట్ర, డాక్టర్‌గారు చెబితే వైద్యం.

పెందుర్తి పద్మ:

అల్లుడుగారూ, సింహాచలం అని హాస్పిటల్‌కి తీసుకెళ్ళడం తప్పే, ఒప్పుకుంటా. కానీ నిజమే చెప్పాలి, నిజమే చెప్పాలి అనేవాళ్ళు వచ్చి మా ఇంట్లో రెండు రాత్రులు ఉండండి. అమ్మ సాయంత్రం ఆరయ్యేసరికి సంచీ సర్దుకుని "మా నాన్న ఎదురుచూస్తుంటాడు, బొబ్బిలి బస్సు ఎక్కించండి" అంటుంది. తాతయ్య పోయి నలభై ఏళ్ళు. నిజం చెబితే అప్పుడే పోయినట్టు ఏడుస్తుంది, రోజూ. అందుకని "బస్సు పొద్దున్నేనమ్మా, అన్నం తినేసి పడుకో" అంటాను. ఇది పాపమైతే నాకే రానివ్వండి.

అక్కయ్యపాలెం అల్లుడు:

మీ దగ్గర నేనేం మాట్లాడగలను పద్మగారూ. నేను చెప్పింది మొదట్లో, మనిషికి ఇంకా అన్నీ తెలుస్తున్నప్పుడు. మీ అమ్మగారి దశ వేరు.

లంకెలపాలెం లక్ష్మణ్:

ఒక డౌట్. అల్జీమర్స్ అని తేలితే మందు లేదంటారు కదా. మరి ఆయన్ని ఏడిపించి, స్కాన్లకి డబ్బులు పోసి, పేరు పెట్టించుకుని ఏం బావుకుంటాం? తెలియకపోతే ఆయనైనా ప్రశాంతంగా ఉంటారుగా.

పెందుర్తి పద్మ:

తగ్గించే మందు లేదు, నిజమే. డోనెపెజిల్ లాంటివి కొందరికి కొన్నాళ్ళు ఊతంగా పనిచేస్తాయి. మా అమ్మకి మొదట వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి, డోసు తగ్గించాక సర్దుకుంది. గుండె నెమ్మదిగా కొట్టుకునేవాళ్ళకి జాగ్రత్తగా చూసి ఇస్తారు.

కానీ పేరు తెలిస్తే లాభం లేదని ఎలా అంటారు తమ్ముడూ? పేరు తెలిసేదాకా ఇంట్లో అందరం అమ్మని తిడుతూనే ఉన్నాం. కావాలని చేస్తోందని, కోడళ్ళని సాధిస్తోందని. పేరు తెలిశాక తిట్లు ఆగాయి. అదీ కాక మా అన్నయ్యలు తర్వాత చూద్దాం, తర్వాత చూద్దాం అంటూ ఉండగానే అమ్మ సంతకం మారిపోయింది. ఫిక్స్‌డ్ డిపాజిట్ ఆవిడ ఒక్కదాని పేరునే ఉంది. ఆవిడ వైద్యానికి ఆవిడ డబ్బు తీయడానికి మేం పడ్డ పాట్లు ఆ పైవాడికి తెలుసు.

కౌంటర్ నంబర్ 4:

పద్మగారు డబ్బు మాట ఎత్తారు కాబట్టి చెబుతున్నా. బ్యాంకులో ముప్పై ఏళ్ళు చేసి దిగాను.

చాలామంది "పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకుంటాం సార్, ఇక భయం లేదు" అంటారు. మన దేశంలో మామూలు పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చిన మనిషికి మతిస్థిమితం తప్పితే అది చెల్లదు. కాంట్రాక్ట్ చట్టం 201వ సెక్షన్. సరిగ్గా అవసరమైనప్పుడే అది పనికిరాకుండా పోతుంది. అందుకని మనిషి తెలివిగా ఉన్నప్పుడే ఖాతాలూ డిపాజిట్లూ భార్యతోనో బిడ్డతోనో జాయింట్‌గా, ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా మార్చుకోవాలి. నామినీ పేరు ఉందా లేదా చూసుకోవాలి. నామినీ అంటే డబ్బు అందుకునే మనిషే తప్ప వారసుడు కాదు, అది వేరే గొడవ. వీలునామా రాయాలనుకుంటే రిజిస్టర్ చేయించి, ఆ సమయంలో మనిషి తెలివిగానే ఉన్నారని డాక్టర్ సర్టిఫికెట్ జతచేస్తే రేపు అన్నదమ్ముల మధ్య మాట రాదు.

ఇదంతా ఆయనతో చెప్పే చేయాలి సుమా. వెనకనుంచి చేస్తే పనమ్మాయి మీద పడ్డ అనుమానం మీ మీదకి తిరుగుతుంది.

షిప్‌యార్డు అన్నారు కాబట్టి ఆయనకి పీఎఫ్ పెన్షన్ వస్తుంటే, లైఫ్ సర్టిఫికెట్ ఏ నెలలో ఇచ్చినా ఏడాది చెల్లుతుంది. ఇప్పుడు ఫోన్‌లో ముఖం చూపించి ఇంట్లోంచే ఇవ్వొచ్చు. ఆ వంకతో పక్కన కూర్చుంటే మిగతా కాగితాలు కూడా నెమ్మదిగా బయటికొస్తాయి.

వేదిక నిర్వాహకులు:

సభ్యులకు మనవి. డాక్టర్ల పేర్లు, ఫోన్ నంబర్లు బహిరంగంగా రాయకండి, ప్రైవేట్ మెసేజ్‌లో ఇచ్చుకోండి. మందుల డోసులు అసలే వద్దు. మాట్లాడటానికి మనిషి కావాలంటే కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్, నంబర్ 14416. ఉచితం, రాత్రింబవళ్ళు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. పెద్దవాళ్ళ సమస్యలకు 14567 కూడా ఉంది.

బీచ్ రోడ్డు పెద్దాయన:

అమ్మాయ్ గిరిజా, ఇక్కడ అందరూ నీ వైపు నుంచి మాట్లాడుతున్నారు. నేను మీ నాన్న వైపు మనిషిని. నాకు డెబ్బై ఆరు. పోర్టులో చేశాను. నిరుడు నరాల డాక్టర్‌గారు నాకు మైల్డ్ కాగ్నిటివ్ ఇంపెయిర్‌మెంట్ అని రాసిచ్చారు. డిమెన్షియా కాదు గానీ దాని గుమ్మం ముందు నిలబడ్డట్టు. గుమ్మం దాకా వచ్చినవాళ్ళందరూ లోపలికి వెళ్ళరట. చూద్దాం.

మా ఇంట్లో ఏం చేసేవారో చెబుతాను విను. రాత్రి భోజనాల దగ్గర అందరూ ఉండగా "తాతయ్యా, పొద్దున ఏం టిఫిన్ తిన్నావో చెప్పు" అని మనవడు అడిగేవాడు. వాడి చేత మా కోడలు అడిగించేది. నేను తడుముకుంటే ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్ళు. మర్చిపోయినందుకు కాదమ్మా, ఆ చూపులకి ఒళ్ళు మండేది. "మీకెందుకురా నా టిఫిన్" అని లేచిపోయేవాణ్ణి. ముసలాయనకి కోపం ఎక్కువైందని అదొకటి లెక్కలో రాసుకున్నారు.

నాకు తెలియక కాదు. ఒకరోజు జగదాంబ దగ్గర ఏటీఎంలో నంబర్ గుర్తు రాలేదు. వెనక నలుగురున్నారు. ఫోన్ వచ్చినట్టు చెవి దగ్గర పెట్టుకుని, "ఆ, చెప్పండి, చెప్పండి" అంటూ బయటికి వచ్చేశాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే కార్డు లాక్కుంటారని.

డాక్టర్ దగ్గరకి ఎవరి మాట మీద వెళ్ళానంటే, పొద్దున్న నడకలో కలిసే మిత్రుడొకడు చెవి మిషన్ పెట్టించుకోవడానికి వెళ్తూ తోడు రమ్మన్నాడు. అక్కడ కూర్చుని ఉండగా, "నేను ఆ పక్క డాక్టర్‌కి కూడా చూపించుకున్నానోయ్, పేర్లు మర్చిపోతున్నానని. పెద్దగా ఏమీ లేదు, నువ్వూ చూపించుకో" అన్నాడు. అంతే. పిల్లలు ఏడాది చెప్పింది చెవికెక్కలేదు, వాడు కాఫీ తాగుతూ చెప్పింది ఎక్కింది. మీ నాన్నకి డ్రాయింగ్ ఆఫీసు స్నేహితులు ఎవరైనా మిగిలారా?

ఇంకో మాట. అడగాలనుకుంటే పొద్దున పూట అడుగు, ఒక్కడూ ఉన్నప్పుడు. "మీకేమైనా ఇబ్బందిగా ఉంటోందా నాన్నగారూ?" అని అడిగి ఊరుకో. జవాబు నువ్వే అందించకు. మాకు మాట వెతుక్కోవడానికి టైము పడుతుంది.

మధురవాడ గిరిజ:

పెద్దనాన్నగారూ, మీరు రాసింది రెండుసార్లు చదువుకున్నాను. అమ్మకీ చదివి వినిపించాను. అమ్మ ఏం మాట్లాడలేదు గానీ, ఆయన స్నేహితుడొకాయన సింధియాలో ఉంటారని, కేరమ్స్ ఆడటానికి వచ్చేవారని తనే చెప్పింది.

రాత్రి డ్యూటీ:

పెద్దాయన మాట బంగారం. ఒక్కటి కలుపుతాను. అందరికీ ఆయనలా లోపల తెలియదు. తన లోపాన్ని తను గుర్తుపట్టే శక్తే కొందరిలో దెబ్బతింటుంది. అప్పుడు "నాకేం కాలేదు" అనేది మొండితనం కాదు, వాళ్ళకి అక్షరాలా అలాగే కనిపిస్తుంది. అలాంటివాళ్ళకి "మొన్న స్కూటర్ మర్చిపోలేదా, నిన్న బిల్లు కట్టలేదా" అని సాక్ష్యాలు చూపిస్తే పని జరగదు, పగ పెరుగుతుంది.

సాక్ష్యాలు డాక్టర్‌కి కావాలి. ఒక పేజీలో రాయండి. ఎప్పుడు మొదలైంది, ఏం మారింది, ఏ మందులు వాడుతున్నారు, డబ్బు, వంట గ్యాస్, దారి, బండి సంగతులు. మందులన్నీ, ఆ దురద మాత్రతో సహా, ఒక సంచిలో వేసి తీసుకెళ్ళండి. ఆ కాగితం ముందే లోపలికి పంపండి, ఆయన ముందు చదవొద్దు. లోపల ఆయన పక్కన కాకుండా కాస్త వెనక్కి కూర్చోండి. అమ్మగారు కూడా. డాక్టర్ ఆయన్ని అడిగినప్పుడు మీరిద్దరూ నోరు విప్పకూడదు. ఇది చాలా కష్టం, చూస్తుంటారుగా.

ఖర్చు గురించి భయపడేవాళ్ళకి, కేజీహెచ్‌లో, అంటే మన ప్రభుత్వ కింగ్ జార్జ్ ఆసుపత్రిలో, న్యూరాలజీ (నరాల విభాగం) ఉంది. పొద్దున్నే వెళ్ళి ఓపీ చీటీ రాయించుకోవాలి. పెద్దవాళ్ళకి కూర్చోబెట్టడానికి తోడు ఒకరు, క్యూలో నిలబడటానికి ఒకరు ఉంటే మేలు.

బీచ్ రోడ్డు పెద్దాయన:

కేజీహెచ్‌ని తక్కువ చేసి చూడకండి. 1923 నాటి ఆసుపత్రి. నేను పుట్టిందీ అక్కడే, నాకు రోగం రాసిచ్చిందీ అక్కడే.

డాలస్ డైరీ:

గిరిజ అక్కా, నేను మీ తమ్ముడి పార్టీ. అతని మీద కోపం తెచ్చుకోకండి. మాకు నిజంగానే కనబడదు. మా అమ్మ వీడియో కాల్‌కి ముందు తల దువ్వుకుని, పౌడర్ రాసుకుని, చీటీ మీద ప్రశ్నలు రాసుకుని కూర్చునేది. పిల్లలు స్కూల్‌కి వెళ్తున్నారా, మంచు పడుతోందా, ఏం కూర. మూడూ అయిపోగానే "సరే నాన్నా, జాగ్రత్త". అమ్మ ఎంత చలాకీగా ఉందో అనుకునేవాణ్ణి. మొన్న సంక్రాంతికి వచ్చి నెల రోజులుంటే తెలిసింది. ఫ్రిజ్ తలుపు తీస్తే పాల ప్యాకెట్లు కాళ్ళ మీద పడ్డాయి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, పాలు లేవనుకుని కొనుక్కొచ్చేస్తోంది.

తమ్ముణ్ణి ఈ వాదనలో గెలవాలని చూడకండి. అతనికి పని అప్పజెప్పండి. ఫోన్ చేస్తే సాయంత్రం పూట చెయ్యమనండి, గంటసేపు. తను అడగడం కాదు, నాన్నగారి చేత మాట్లాడించమనండి. ఈ వారం ఏం జరిగిందో చెప్పమనమనండి. అర్థమైపోతుంది. అర్థమయ్యాక స్కాన్ డబ్బులు పంపే బాధ్యత కూడా అప్పజెప్పండి :)

మధురవాడ గిరిజ:

అందరికీ దండాలు. కొంచెం పెద్ద పోస్టు, ఓపిక పట్టండి.

సింధియా బాబాయి వచ్చారు. నాన్నగారు ఆయన్ని చూసి కుర్చీలోంచి లేచిపోయారు, ఎన్నాళ్ళకొచ్చావురా అని. ఆయనకీ కాళ్ళ మంటలే, ఏవో ఇంజెక్షన్లు చేయించుకుంటే తగ్గాయట. ఆ మాటల్లోనే శ్రీహరిపురంలో మా పాత డాక్టర్‌గారి దగ్గరకి ఇద్దరూ కలిసి వెళ్ళారు. నేను డాక్టర్‌గారికి ముందే ఫోన్ చేసి అంతా చెప్పి ఉంచాను. ఆయన అరికాళ్ళకి సూదితో గుచ్చి చూసి, "మాస్టారూ, ఇది నరాల డాక్టర్ చూడాల్సిందే" అని రాసిచ్చారు. నాన్నగారు ఆ చీటీ మడిచి జేబులో పెట్టుకుని, ఇంటికొచ్చి నాతో "అపాయింట్‌మెంట్ తీసుకో" అన్నారు! చినవాల్తేరు ఊసే లేదు.

నరాల డాక్టర్‌గారు మొదట కాళ్ళే చూశారు. అరగంట తర్వాతగానీ "నరాలన్నీ తలలోంచే కదండీ వచ్చేది, అది కూడా చూసేద్దాం" అని మొదలుపెట్టలేదు. అంతా తెలుగులోనే. ఈ రోజు తారీఖు ఏమిటి, ఏ ఊరు, ఏ అంతస్తులో ఉన్నాం, వందలోంచి ఏడు తీస్తూ రండి. లెక్కలు గడగడా చేశారు. మూడు మాటలు చెప్పి కాసేపాగి అడిగితే ఒక్కటే వచ్చింది. అమ్మ చెయ్యి నా చేతిలో ఉంది, మిగతా రెండూ చెప్పేస్తుందేమోనని గట్టిగా పట్టుకున్నా. నర్సు మేడం, నిజంగానే చాలా కష్టం.

తర్వాత కాగితం ఇచ్చి గడియారం గీయమన్నారు. నాన్నగారు నవ్వి "కంపాస్ ఉందా?" అన్నారు. లేకుండానే గీశారు. గుండ్రం ఎంత బాగా వచ్చిందంటే డాక్టర్‌గారు కూడా చూస్తూ ఉండిపోయారు. అంకెలూ చక్కగా, అదే పాత చేతిరాతతో. పదకొండు గంటల పది నిమిషాలు చూపించమంటే ఒక ముల్లు పదకొండు మీద పెట్టారు, రెండోది పది మీద పెట్టారు. పెన్సిల్ పట్టుకుని చాలాసేపు దాన్నే చూశారు. "ఎక్కడో తేడా ఉందండీ" అన్నారు, డాక్టర్‌గారితో. ఎక్కడో మాత్రం తెలియలేదు.

ఆయన నోట ఆ మాట రావడం అదే మొదటిసారి. బయటికొచ్చాక కూడా నేనేమీ కదపలేదు.

రక్తపరీక్షల్లో థైరాయిడ్, సోడియం బాగున్నాయి. బి12 మాత్రం 140, కనీసం 200 ఉండాలట. ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. దురద మాత్ర మానిపించారు. చెవి పరీక్షకి రాశారు. ఎంఆర్‌ఐ వచ్చే వారం. "కొంత బి12, కొంత ఆ మాత్ర, కొంత ఇంకేదైనా కావచ్చు. ఇవి సరిచేసి కొన్ని నెలలాగి మళ్ళీ ఇదే పరీక్ష పెడదాం, అప్పటిదాకా పేరు పెట్టను" అన్నారు.

సీతంపేట శాస్త్రి:

సంతోషం తల్లీ. బాదంపప్పులు మాత్రం మానకండి.

రాత్రి డ్యూటీ:

:) పెట్టండి, నష్టం లేదు. షుగర్ లెక్క చూసుకుని.

గిరిజగారూ, బి12 ఎక్కించగానే అంతా మామూలైపోతుందని మాత్రం అమ్మగారికి చెప్పకండి. ఎన్నాళ్ళుగా తక్కువుందో దాన్ని బట్టి ఉంటుంది. కొందరికి బాగా తేరుకుంటుంది, కొందరికి అక్కడే ఆగుతుంది. ఆ మాత్ర మానేశాక మొదట్లో నిద్ర పట్టక చిరాకు పడొచ్చు, మళ్ళీ షాపులో అడిగి తెచ్చుకోకుండా షాపాయనకి ఒక మాట చెప్పి ఉంచండి.

మధురవాడ గిరిజ:

షాపులో చెప్పాను మేడం. ఇంకొక్కటే మిగిలింది. స్కూటర్. ఆ రోడ్డంతా ట్యాంకర్లు, లారీలు, మీకు తెలుసుగా. తాళం దాచేద్దామంటుంది అమ్మ. దాస్తే మళ్ళీ దొంగతనం గొడవ మొదలవుతుంది. ఏం చెయ్యమంటారు?

అక్కయ్యపాలెం అల్లుడు:

దాచొద్దు. మీరూ చెప్పొద్దు. ఎంఆర్‌ఐ రిపోర్టుకి వెళ్ళినప్పుడు డాక్టర్‌గారి చేతనే చెప్పించండి, చీటీ మీద కూడా రాయించండి. కాళ్ళ తిమ్మిర్లకి బ్రేక్ మీద కాలు ఆనదు కాబట్టి ప్రస్తుతానికి బండి నడపకూడదు అని. అదీ నిజమే. ఈలోపు సర్వీసింగ్‌కి ఇచ్చేయండి. మన మెకానిక్కులు ఎంత తొందరగా తిరిగిస్తారో మీకు తెలుసుగా. మా అత్తగారికైతే నెలకింత అని మాట్లాడిన ఆటో ఉంది, అబ్బాయి ఆవిడ చెప్పిన కొట్టుకే తీసుకెళ్తాడు, లెక్క వాడే చూసుకుంటాడు. మల్కాపురం వైపు వాడి అన్న తిప్పుతాడట. నంబర్ ప్రైవేట్‌లో పెడుతున్నా.